నీలం ట్యాంకు మలుపు

మా గవ్వలకొండ మీద ఎవరినైనా దారి అడిగి చూడండి, చెప్పరు. చేతకాక కాదు, నోటితో చెప్పి పంపెయ్యడం మర్యాద కాదని. "ఎవరింటికండీ? సాలమ్మ గారింటికా? పదండి," అంటూ పొయ్యి మీది పాలు పక్కింటావిడకి అప్పజెప్పి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందు నడుస్తారు. గుమ్మం దాకా దిగబెట్టి, లోపలివాళ్లని కేకేసి పిలిచి, మీరు కూర్చుని మంచినీళ్లు తాగాక గానీ వెనక్కి తిరగరు. కొత్త మనిషిని మెట్ల మధ్య ఒంటరిగా వదిలేస్తే ఆ ఇంటి పరువు పోయినట్టే.

బెజవాడలో మాలాంటి కొండలు ఇంకా ఉన్నాయి. ఒకరి డాబా ఇంకొకరి వాకిలి. మెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో దేవుడికెరుక. ఇళ్లకి నంబర్లు లేకపోలేదు. అయితే కట్టుకున్న వరసలో వేశారు తప్ప ఉన్న వరసలో కాదు. ఒక నంబరు కొండ పాదాన ఉంటే దాని తరవాతి నంబరు కొండ నెత్తిన ఉంటుంది.

దిగబెట్టి రావడంలో అందర్నీ మించిన మనిషి మా ఆవిడ సువార్త. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మా ఇంట్లో కాలు ఆవిడది, నోరు నాది. కొండ కింద అంగన్‌వాడీలో ఆయా పని చేస్తుంది. పొద్దున ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని తీసుకురావడం, మధ్యాహ్నం మళ్లీ ఇంటింటికీ దిగబెట్టడం. ఆవిడ తొక్కని మెట్టు కొండ మీద లేదు. సాయంత్రం నేను డ్యూటీ దిగి బస్టాపుకి వచ్చేసరికి కూరల సంచీతో నిలబడి ఉంటుంది. సంచీ నేను అందుకుంటాను. ఆవిడ ముందు, నేను వెనక. నీలం ట్యాంకు మలుపు దగ్గరికి రాగానే ఆవిడ చెప్పు ఊడుతుంది.

"ఉండండి, చెప్పు ఊడింది," అని వంగుతుంది.

నేను సంచీ గట్టు మీద పెట్టి సణుగుతాను. "ఏ జత కొన్నా ఇక్కడే ఊడుతుందేమిటే? ఈ మలుపుకీ నీ చెప్పులకీ పాత పగలేమైనా ఉన్నాయా?"

ఆవిడ తాపీగా పట్టీ సరిచేసుకుని, ట్యాంకు పక్కింటివాళ్లతో రెండు మాటలాడి, అప్పుడు కదులుతుంది. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస.

కొండకి పటం గీయాలన్న ఆలోచన ఆవిడకి సాలమ్మ వాళ్లాయన పోయిన రోజు పుట్టింది. మిట్టమధ్యాహ్నం ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు వేళకే వచ్చింది. పనులకి పోయేవాళ్లు పోయారు, వెంట నడిచే మనిషి దొరకలేదు. స్ట్రెచరు పట్టుకున్న కుర్రాళ్లు కంగారులో వేరే మెట్లెక్కి కొండకి అవతలి భుజాన తేలారు. అక్కడి నుంచి సాలమ్మ ఏడుపు వినపడుతోంది గానీ ఎటు వెళ్లాలో తెలియలేదట. సువార్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక లేచి నిలబడి, "మన దారులు మనమే గీసుకుందాం, ఎవరొస్తారు?" అని అడిగింది. మసీదు వైపు టైలరు మీరాబీ చేతా, రామాలయం వైపు పెయింటరు తిరపతయ్య చేతా చెప్పించింది. గవ్వలకొండ దారుల సంఘం అలా పుట్టింది. ఫోన్లు పట్టుకుని జనం బాగానే వచ్చారు. కాని మనం ఎక్కడున్నామో చూపే ఫోనులో చుక్కకి మెట్ల సంగతి తెలియదు. పై సందూ కింది సందూ ఒకదాని నెత్తిన ఒకటి ఉంటే ఏది ఏదో తేల్చుకోలేక గెంతుతుంది. తిరపతయ్య రామాలయం చుట్టూ తిరిగి వస్తే కొండ కింద కాలవలో అడ్డంగా ఈదినట్టు ఫోనులో గీత పడింది.

"బావా, నాకు ఈతే రాదు గదా!" అని నా దగ్గర వాపోయాడు. సువార్తని చెల్లెమ్మా అంటాడు కాబట్టి నేను బావని.

ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మల్లో రేకుల కప్పులు తప్ప మెట్లు కనపడలేదు. వారం వారం జనం పలచబడ్డారు. సువార్త మొహం చిన్నబోయింది. ఆ మొహం చూడలేక నేను మా డాక్టరు గారి దగ్గర విషయం కదిపాను.

నేను ఒక ఇంజినీరింగు కాలేజీలో, డాక్టర్ షాహీన్ గారి ప్రయోగశాలలో సహాయకుణ్ణి. తీగలు అతకడం, పెట్టెలు తుడవడం, టీ తేవడం నా పని. ల్యాబు మూడో అంతస్తులో ఉంది. నాకు కాస్త ఆయాసం. ఆ సంగతి లోకానికి తెలియడం ఇష్టం లేక రెండో అంతస్తులో ఆగి, నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడతాను. పాత పరీక్షల తేదీలన్నీ నాకు కంఠతా వచ్చు.

డాక్టరు గారు తయారుచేసిన వస్తువు చూడ్డానికి జ్వరమొస్తే నుదుటికి కట్టే తడిగుడ్డలా ఉంటుంది. గుడ్డలో సన్నటి తీగలు, చెవి దగ్గర బిస్కెట్టంత బిళ్ల. దాన్ని కట్టుకుని కళ్లు మూసుకుని, బాగా తెలిసిన దారిలో మనసులోనే నడవాలి. ఆ ఎరుక బిళ్లలోకి దిగుతుంది. ఆ తరవాత ఎవరు ఆ పట్టీ కట్టుకున్నా దారి వాళ్ల కాళ్లకి తెలిసిపోతుంది. బొమ్మ కనపడదు, మాట వినపడదు. అక్కడే పుట్టి పెరిగినట్టు నడిచిపోతారు. విప్పేస్తే మళ్లీ కొత్తవాళ్లే. ల్యాబులో దాన్ని జాడపట్టీ అనేవాళ్లం.

అందులో ఒక చిక్కుంది. బిళ్లలోకి దిగిన దారి ఇచ్చిన మనిషిలో మిగలదు. డాక్టరు గారు మొదటి ప్రయోగం తన మీదే చేసుకుని, ఇంటి నుంచి కాలేజీకి వచ్చే దారి ఇచ్చారు. మర్నాడు ఒక ఆటో అతను ఆవిణ్ణి గేటు దగ్గర దింపి, "మేడం గారు రోజూ వచ్చే రోడ్డే నన్నడుగుతున్నారండీ, ఒంట్లో బాలేదేమో చూడండి," అని నాకు అప్పజెప్పి వెళ్లాడు. కొత్తగా ఊళ్లోకి వచ్చినదానిలా ఆ దారి మళ్లీ నేర్చుకునేదాకా ఆవిడకి నిద్ర పట్టలేదు.

"సొంత వీధిలో పరాయిదాన్ని అయిపోయాను ఏసుపాదం గారూ," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

అందుకే మా కొండ సంగతి విని ముందు వద్దన్నారు. సువార్త స్వయంగా వచ్చి సాలమ్మ కథ చెప్పాక మెత్తబడ్డారు. కాని గట్టి షరతులు పెట్టారు. మనిషికి ఒక చిన్న ముక్క, అంతే. ఎవరూ తమ సొంత గుమ్మానికి వెళ్లే సందు ఇవ్వకూడదు. పోయిన ముక్కని తిరిగి నడిచి నేర్చుకోవాలి. సంఘంలో ఇరవై మందికి పైగా పేర్లిచ్చారు.

ఆదివారాలు ల్యాబు మా కొండవాళ్లతో నిండిపోయేది. మొదట కూర్చున్నది తిరపతయ్య. తలకి పట్టీ చుట్టగానే చెమటలు పట్టాయి.

"చెల్లెమ్మా, నాకు మా ఇంటిదాని పేరు కూడా పోదు గదా?"

"పోతే నేను చెబుతాలే అన్నయ్యా. ఆవిడ నోరే చెబుతుంది," అంది సువార్త. అతని పక్కన కుర్చీ లాక్కుని, "ఒక్కణ్ణీ కూర్చోబెడితే ఎట్లా మేడం? తోడుంటాను," అని డాక్టరు గారిని అడిగింది.

బిళ్లలోకి దారి దించే యంత్రానికి రెండు పట్టీలున్నాయి. రెండోది సరిపోల్చి చూడ్డానికి. తోడు కూర్చునే మనిషి కూడా కట్టుకుంటే కుర్చీలో ఉన్నవాళ్లకి భయం పోతుందని సువార్త రెండోది తన తలకి చుట్టమంది. అది ఊరికే ఉన్నదే కదా అని డాక్టరు గారు సరేనన్నారు. అక్కణ్ణించి ప్రతి ఆదివారం అదే పద్ధతి. కుర్చీలో మనుషులు మారేవాళ్లు, పక్కన సువార్త మారేది కాదు. వాళ్ల చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు బస్టాపు దగ్గరున్నాం. ట్యాంకు దగ్గరికి వచ్చేశాం. ఇక మీ వైపు తిరగండి," అంటూ తనూ కళ్లు మూసుకుని వాళ్లతో నడిచేది. ఎవరి ముక్క ఎక్కడ ఆగిపోయినా, సువార్త అందుకుని తరవాతి ముక్కకి కలిపేది.

అన్నిటికంటే వింత, ఎవరికీ ఏమీ పోలేదు. తిరపతయ్య దర్జాగా కొండెక్కి ఇంటికొచ్చాడు. మీరాబీ ఇచ్చిన సందులోనే కళ్లకి గంతలు కట్టుకుని నడిచి చూపించింది. డాక్టరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఎలా జరిగిందో గాని దోషం పోయింది! మీ కొండవాళ్ల బుర్రలే వేరు!" అన్నారు. ఆ ముక్కకి మేమందరం కాస్త పొంగిపోయాం.

బిళ్ల నిండింది. దాని నకలు తీయడం కుదరదు. ఉన్నది ఒక్కటే. పట్టీతో సహా దాన్ని మా వైపు అంబులెన్సులో పెట్టించారు. డ్రైవరు పేరు కిశోర్. నెల తిరక్కుండానే మీరాబీ కూతురికి నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. కిశోర్ పట్టీ కట్టుకుని, ఎవరినీ అడక్కుండా, ఒక్క మెట్టు తప్పకుండా నేరుగా మీరాబీ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. తల్లీ బిడ్డా దక్కారు. మీరాబీ కొండంతటికీ సేమ్యా పాయసం పంచింది.

ఆ పాయసం తాగుతూ కిశోర్ ఒక మాటన్నాడు. "అంతా బాగుందండీ. ఒక్కటే తేడా. ఆ నీలం ట్యాంకు మలుపు దగ్గరికి రాగానే కాళ్లు వాటంతటవే ఆగిపోతన్నాయి. కాసేపాగి మళ్లీ కదుల్తన్నాయి. మేడం గారికి చెప్పి బాగుచేయించండి."

నేను నవ్వాను. సువార్త నవ్వలేదు. గిన్నె వైపు చూస్తూ కూర్చుంది.

ఆ రోజుల్లోనే ఆవిడలో మార్పు మొదలైంది. కొత్తిమీర కట్ట తేవాలన్నా ఎవరినో ఒకరిని వెంటేసుకునేది. "రా మీరాబీ, అట్లా తిరిగొద్దాం." "అన్నయ్యా, ఖాళీయేనా, సాలమ్మని చూసొద్దాం పద." అంగన్‌వాడీ పిల్లల్ని దిగబెట్టేటప్పుడు, "ఎవరు ముందు ఇల్లు చూపిస్తే వాళ్లకి బెల్లం ముక్క," అని ఆట కట్టేది. పిల్లలు ఎగురుకుంటూ ముందు పరిగెత్తేవాళ్లు. ఊరందరికీ తోడు పోయే మనిషి తనకి తోడు వెతుక్కుంటోందని ఎవరికీ తట్టలేదు.

సాయంత్రాలు నన్ను ముందు నడవమనేది. "మోకాళ్లు పట్టేస్తున్నాయి, మీరు పదండి, వెనకాల మెల్లిగా వస్తాను," అనేది. నాకూ సరదాగానే ఉంది. ఇన్నేళ్లకి ఇంటి యజమానిలా ముందు నడుస్తున్నాను. ఇంకో విశేషం, ఆవిడ చెప్పు ఊడటం మానేసింది. "ఎట్టకేలకి నీ చెప్పులకి బుద్ధొచ్చిందే," అన్నాను. ఏమిటో గాని, ఇంటికి చేరేసరికి నాకు మాత్రం గుండె దడదడలాడి, అరుగు మీద కూలబడాల్సి వచ్చేది. వయసు మీద పడుతోంది అనుకున్నాను.

ఒక శనివారం పగలు నేను డాబా మీద వడియాలకి కాపలా కాస్తున్నాను. మీరాబీ కూతురికి పథ్యం కూర వండి, క్యారేజీతో సువార్త బయల్దేరింది. మా డాబా మీంచి చూస్తే మెట్లు మూడుగా చీలే చోటు కనపడుతుంది. ఆవిడ అక్కడికి వెళ్లి ఆగింది. కుడి మెట్లు కాస్త ఎక్కి దిగింది. ఎడమ పక్క కాస్త దిగి ఎక్కింది. క్యారేజీ కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. మధ్య మెట్ల వైపు చెయ్యి చాపి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు వేలు ఆడించింది. అంతలో అటుగా వచ్చిన అరటిపళ్ల గంప అతన్ని ఆపింది. మా డాబా దాకా వినపడేటంత నిశ్శబ్దంగా ఉంది ఆ వేళ.

"బాబూ, టైలరు మీరాబీ ఇల్లు ఎటువైపయ్యా?"

అతను వింతగా చూశాడు. "అదేంటక్కా, పోయినేడు నన్నక్కడికి దిగబెట్టింది నువ్వే గదా!"

వడియాలు కాకులకి వదిలేసి నేను దిగాను. నన్ను చూసి ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చున్నాక అప్పుడు చెప్పింది.

"మనుషులందరూ గుర్తున్నారండీ. ఎవరి గుమ్మానికి ఏ రంగో, ఎవరింట్లో ఏ పిల్లకి ఏ కూర పడదో అన్నీ గుర్తున్నాయి. ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి ఎట్లా పోవాలో మాత్రం తెలీడం లేదు. బస్సు దిగితే మన కొండే నాకు కొత్తగా ఉంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండో ఆదివారం నుంచే కొంచెం కొంచెం."

"మరి చెప్పవేం? నేను చచ్చాననుకున్నావా?"

"చెబితే ఆపేసేవాళ్లుగా," అంది.

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిస్తే నా నోటి నుంచి వచ్చేవి తిట్లే కాబట్టి ఆ పూటంతా తిట్టాను. తిడుతూనే ఆవిడకి అన్నం కలిపి పెట్టాను.

సోమవారం ఇద్దరం ల్యాబుకి వెళ్లాం. డాక్టరు గారు పాత రికార్డులన్నీ తెర మీద పక్కపక్కన పరిచారు. ఒక్కొక్కరి పేరు కింద ఒక్కొక్క గీత. అన్ని గీతలూ నీలం ట్యాంకు దగ్గర ఒకే తీరున కుంగి, కాసేపాగి, మళ్లీ లేచాయి.

"ఇంతమంది ఒకే చోట ఒకేలా ఎలా ఆగుతారు?" అని ఆవిడ గొణుక్కున్నారు. మరుక్షణం కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "ఇది ఒక్క మనిషి నడక. రెండు పట్టీలున్నప్పుడు యంత్రం స్పష్టంగా ఉన్నదాన్నే తీసుకుంటుంది. ప్రతిసారీ సువార్త గారి నుంచే తీసుకుంది. వాళ్లకి ఏం పోలేదంటే నేను ఎగిరి గంతేశాను. ఎందుకు పోలేదని అడగాల్సింది నేను. ఆ తప్పు నాది."

"ఆ ఆగే చోటు ఈవిడ చెప్పు ఊడే చోటు మేడం," అన్నాను నేను.

"అంతేనా? సరే, దాన్ని తీసేస్తాను. స్ట్రెచరుతో వెళ్లేటప్పుడు ఆగకూడదు," అన్నారు. తరవాత సువార్త చేతులు పట్టుకున్నారు. "అమ్మా, ఇంత పోతే నడిచి నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలియదు. ఒక్క ఉపాయం ఉంది, నా దారి పోయిన రోజుల్లో నాకే తెలియలేదు. ఆ బిళ్లలో ఉన్నది మీ ఎరుకే. మీ తలకి కట్టగానే మీలోకి తిరిగొచ్చేస్తుంది. బిళ్ల ఖాళీ అయిపోతుంది."

"మరి అంబులెన్సుకి?"

"ఇంకొకటి చెయ్యను. ఇంకెవరి నుంచీ తీసుకోను. ఈ పని ఇంతటితో ఆపేస్తున్నాను."

నేను లేచాను. "ఇంకా ఆలోచన దేనికి మేడం? ఇప్పుడే కిశోర్ దగ్గర్నుంచి తెప్పిస్తాను."

"కూర్చోండి," అంది సువార్త. అంత గట్టిగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. "దిగబెడతానని ఒకళ్లని తీసుకెళ్లి సగం మెట్ల మీద వదిలేసి వస్తామా? నాకు దారి పోతే అడుక్కుంటాను. గుండె నొప్పి వచ్చినవాడు ఎవర్నడుగుతాడు?"

నేను ఎన్ని చెప్పినా ఆవిడ ఆ మాట దిగలేదు. దారైనా నోటితో చెప్పని మనిషి, నేను నోటితో చెబితే వింటుందా?

కొండ మీద తెలియనిచ్చేది లేదని ఆవిడ అనుకుంది గాని, అరటిపళ్ల గంప అతను ఊరుకుంటాడా? ఆ సాయంత్రానికి సంఘం సంఘమంతా మా అరుగు మీద ఉంది. తిరపతయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడు. మీరాబీ ఏడవలేదు.

"సువార్తక్కా, ఇన్నాళ్లు నువ్వు మమ్మల్ని దిగబెట్టినావు. ఇంక మా వంతు. చెప్పులేసుకో," అంది.

ఆ రోజు నుంచి సంఘానికి అదే పని. వంతులు వేసుకుని ఆవిణ్ణి నడిపించేవాళ్లు. ఒక్కొక్కళ్లు ఒక్కో రకం గురువులు. మీరాబీ గోడల రంగులు చూపించి గుర్తుపెట్టుకోమనేది. సాలమ్మ ప్రతి మెట్టు దగ్గరా ఆగి, "ఇక్కడే మా ఆయన నాతో మొదటిసారి పోట్లాడింది," అని కథ మొదలెట్టేది. తిరపతయ్య దగ్గరి దారని చెప్పి ఎవరి పెరట్లో నుంచో తీసుకెళ్లి కుక్క చేత తరిమించాడు. కొత్తగా కాపురానికొచ్చిన కోడల్లా సువార్త అందరి మాటా వింటూ, నవ్వుతూ తిరిగేది. కొన్ని సందులు వచ్చాయి. కాని ఆ రావడం మునుపటి రావడం కాదు. పరీక్షకి చదివిన పిల్లలా పెదాలు కదుపుతూ నడిచేది. ఏదో ఒక చీలిక దగ్గర ఆగిపోయి, చూడనట్టు నా వైపు చూసేది. ఆ చూపు నాకు భరించలేనిదిగా ఉండేది. కొండంతా కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి ఆవిడ.

అందుకే మలుపు దగ్గరి దోషం తీయడానికి బిళ్లని తెమ్మని డాక్టరు గారు పంపినప్పుడు, నా మనసులో వేరే లెక్క ఉంది. కిశోర్ పక్కన ఆ రోజుకి దారి చూపడానికి తిరపతయ్యని కూర్చోబెట్టి, పట్టీ జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లాక, తలనొప్పికి మందు గుడ్డ అని చెప్పి సువార్త నుదుటికి కట్టేస్తాను. కొండకేమైనా కానీ, నా పెళ్లాం నాకు దక్కాలి. తరవాత తిట్టుకుంటే తిట్టుకుంటుంది.

బస్టాపులో ఆవిడ ఎప్పటిలా సంచీతో నిలబడి ఉంది. ఆవిడ పోగొట్టుకున్నదేమిటో ఒక్కసారి చూడాలనిపించింది. చాటుగా పట్టీ నా తలకే చుట్టుకుని పైన తువ్వాలు కట్టుకున్నాను.

"తలనొప్పా?" అంది.

"కొంచెం. పద."

మొదటి మెట్టు ఎక్కగానే నాకు తెలిసింది, ఇన్నేళ్లూ నేను ఈ కొండ మీద చుట్టంలా ఉన్నానని. మెట్లన్నీ పేరు పెట్టి పలకరిస్తున్నట్టున్నాయి. కుళాయి పక్క మెట్టు పాచి పట్టి ఉంటుందని కాలు దానంతటదే జరిగింది. నైట్ డ్యూటీ వాచ్‌మన్ పగటిపూట పడుకునే గది ముందు అడుగు నెమ్మదించింది. ఒక గుమ్మం దాటేటప్పుడు గొంతు సవరించుకోవాలనిపించింది. లోపల ఒక గుడ్డి అవ్వ ఉంటుంది, ఎవరో వెళుతున్నారని ఆవిడకి తెలియాలి కదా. దారి అంటే ఇదంతానా అనుకుంటూ ఎక్కాను. నా వెనక సువార్త పెదాలు కదుపుతూ వస్తోంది.

నీలం ట్యాంకు మలుపు వచ్చింది. నా కాళ్లు ఆగిపోయాయి.

చెప్పులు గట్టిగానే ఉన్నాయి. అయినా నడుము వంగింది, కుడి చెయ్యి చెప్పు పట్టీ మీదికి వెళ్లింది. చెప్పు గురించి లోపల ఏ ఆలోచనా లేదు. ఉన్నదల్లా చెవులు. ఒళ్లంతా చెవులై వెనక్కి వింటోంది. వెనక ఎక్కి వస్తున్న ఒక ఊపిరి కోసం. ఈలలా కూస్తున్న ఆ ఊపిరి గట్టు దగ్గర ఆగి, సణిగి, తిట్టి, మెల్లగా సర్దుకునేదాకా కదలకూడదు. అది సర్దుకున్నట్టు తెలియగానే పక్కింటివాళ్లతో మాట ముగించి లేవాలి. తొందరపడ్డట్టు కనిపించకూడదు. ఆగింది తన కోసమే అని ఆ మనిషికి ఎప్పటికీ తెలియకూడదు.

ఆ ఊపిరి నాది.

రెండో అంతస్తులో నోటీసు బోర్డు చదివే నా తెలివి చూసుకుని ఇన్నేళ్లూ మురిసిపోయాను. పెళ్లయిన నాటి నుంచీ ఊడని చెప్పుని ఊడిందంటూ వంగిన మనిషి ముందు ఆ తెలివి ఏపాటిది? నా ఆయాసం, నా సణుగుడు, నా మగ బింకం అన్నీ మోసుకుంటూ నన్ను ఈ కొండ ఎక్కించింది. ఎంత ప్రేమ లేకపోతే అంత గుట్టుగా ఉంటుంది! కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగే ఉన్నాను కాబట్టి ఆవిడకి కనపడలేదు.

ఈ పట్టీ ఆవిడకి దొంగతనంగా కట్టాలనుకున్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ వద్దన్న పని అది. ఈ బిళ్లలో ఉన్నది వట్టి దారి కాదు. స్ట్రెచరు మోసే కుర్రాడికీ, నొప్పులు పడుతున్న పిల్లకీ ఈ మలుపులో ఆవిడ ఒక్క క్షణం ఊపిరి తీసుకోనిస్తోంది. వాళ్లు ఎవరో ఆవిడకి తెలియనక్కర్లేదు. రేపు డాక్టరు గారికి చెప్పాలి, ఆ ఆగడంలో దోషమేమీ లేదు, దాని జోలికి పోవద్దని. బిళ్ల కిశోర్‌కే ఇచ్చెయ్యాలి.

వెనక సువార్త అడుగులు దగ్గరికొచ్చాయి. దారి గుర్తుపెట్టుకునే యావలో గబగబా ఎక్కినట్టుంది, ఒగరుస్తోంది. ఈ మలుపులో ఆగాలని ఆవిడకి ఇప్పుడు తెలియదు. ఎందుకు ఆగేదో అసలే తెలియదు. పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాను. నా కాళ్లు నావయ్యాయి. అయినా నేను లేవలేదు.

"ఏవండీ, ఏమైంది?"

"ఉండు, చెప్పు ఊడింది."

ఆవిడ సంచీ నా చేతిలోంచి తీసి గట్టు మీద పెట్టింది. తనూ గట్టు మీద కూలబడి, కొంగుతో విసురుకుంటూ, నా కాళ్ల వైపు అనుమానంగా చూసింది.

"మొన్ననేగా కొన్నారు కొత్త జత. ఇక్కడికొచ్చే ఊడాలా?"

చెప్పు పట్టీని అటు లాగి ఇటు లాగి, ఆవిడ ఊపిరి నెమ్మదించేదాకా సరిచేసుకుంటూ కూర్చున్నాను.